సెకండ్ లైఫ్ క్లబ్బుల్లో పని: అపోహలు - వాస్తవాలు

సెకండ్ లైఫ్ అంటే కంప్యూటర్‌లో నడిచే ఒక వర్చువల్ లోకం. అందులో మనం అవతార్ అనే బొమ్మ రూపంలో తిరుగుతాం. అక్కడ పెద్దలకు మాత్రమే ప్రవేశం ఉన్న క్లబ్బుల్లో హోస్ట్‌గా, అంటే వచ్చినవాళ్లని పలకరించి మాట్లాడే పనిలో మొదలుపెట్టి, ఇప్పుడు మేనేజర్‌గా ఉన్నాను. ఉద్యోగం అడగడానికి వచ్చేవాళ్లతో మొదట మాట్లాడేది నేనే. కొందరు లక్షలొస్తాయని వస్తారు, ఇంకొందరు పరువు పోతుందేమోనని జంకుతూ వస్తారు. అందరికీ విడివిడిగా చెప్పి చెప్పి విసుగొచ్చి ఇది రాస్తున్నాను.

అపోహ: ఇంట్లో కూర్చుని నెల జీతమంత సంపాదించొచ్చు

సంపాదించలేరు. ముందు లెక్క చూడండి. ఇక్కడ చెల్లేది లిండెన్ డాలర్. ఒక అమెరికా డాలర్‌కి సుమారు 250 లిండెన్ డాలర్లు. రెండు గంటల షిఫ్టులో టిప్పులు 1,000 దాకా వస్తే ఆ రోజు బాగా గడిచినట్టే. అసలు డబ్బులో అది నాలుగు డాలర్లు. ఒక్క పైసా రాని షిఫ్టులూ ఉంటాయి. లిండెన్ డాలర్లను మార్చి బయటికి తీసుకునేటప్పుడు ఫీజులు పోతాయి, ఆ పైన మీ దేశపు పన్ను ఎలాగూ ఉంది.

ఖర్చు సంగతి కొత్తవాళ్లు అడగనే అడగరు. అవతార్‌కి చూడ్డానికి బాగుండే మెష్ బాడీ (విడిగా కొనుక్కునే 3డీ శరీరం), తల, జుట్టు, బట్టలు, బొమ్మలా బిగుసుకుపోకుండా నిలబడేందుకు యానిమేషన్లు, అన్నీ కలిపితే వేల లిండెన్ డాలర్లు అవుతాయి. మొదట్లో వచ్చిందంతా వాటికే పోతుంది. ఆ తర్వాత కూడా చాలామందికి ఈ పని లోపలి ఖర్చు లోపలే రాబట్టుకునే దారి మాత్రమే. బట్టలూ, వర్చువల్ ఇంటి అద్దె జేబులోంచి పెట్టక్కర్లేకుండా గడిచిపోతాయి. అంతవరకు ఆశపడితే నిరాశ ఉండదు.

మరి ఆ కోటీశ్వరుల కథలు? 2006లో యాన్షీ చుంగ్ అనే అవతార్ బిజినెస్‌వీక్ ముఖచిత్రం మీదికెక్కింది. ఆమె ఆస్తి విలువ పది లక్షల డాలర్లు దాటిందని ఆ ఏడాది నవంబర్‌లో ప్రకటించారు. అదంతా వర్చువల్ స్థలాలు కొని, తీర్చిదిద్ది, అమ్మి, అద్దెకిచ్చి కూడబెట్టింది. ఈనాటికీ పెద్ద డబ్బు స్థలాల అద్దెల్లోనూ, వస్తువులు తయారుచేసి అమ్మేవాళ్ల దగ్గరా ఉంది. ఒక గౌను ఒక్కసారి తయారుచేసి వెయ్యిమందికి అమ్మొచ్చు. నా గంట మాత్రం ఒక్కసారే అమ్ముడవుతుంది.

అపోహ: జీతం కంపెనీ ఇస్తుంది, లేదంటే ఓనరు ఇస్తాడు

2003లో ఈ లోకాన్ని తెరిచిన లిండెన్ ల్యాబ్‌కి మీ ఉద్యోగంతో సంబంధం లేదు. క్లబ్బు ఓనరు కూడా మీలాంటి యూజరే. సొంతంగా ఒక పూర్తి ప్రైవేటు రీజియన్ (వర్చువల్ స్థలపు ముక్క) పెట్టుకుంటే నెలకి 200 డాలర్ల పైనే కట్టాలి. అంత కట్టినా జనం ఓ వంద మందికి మించి పట్టరు, ఆ లోపే లాగ్ మొదలవుతుంది, అంటే అంతా నత్తనడకన కదులుతుంది. ఆ అద్దె టిప్పులతో తీరదు. చాలా క్లబ్బులు ఓనరు సరదా మీద నడుస్తాయన్నది ఆ ఓనర్లే ఒప్పుకునే మాట. అందుకే హోస్ట్‌కి, డీజేకి, డాన్సర్‌కి వచ్చేది ప్రధానంగా టిప్పే. కొన్నిచోట్ల దాంట్లోంచి కూడా క్లబ్బు వాటా తీసుకుంటుంది.

'గంటకింత ఇస్తారట కదా' అని ఇప్పటికీ అడుగుతారు. అది పాత కాలపు మాట. అప్పట్లో కాసినోలు ఉండేవి, వాటి దగ్గర డబ్బు ఆడేది. 2007 జూలైలో లిండెన్ ల్యాబ్ జూదాన్ని నిషేధించింది. ఊరికే కూర్చుంటే పది నిమిషాలకి ఇంత అని ఇచ్చే క్యాంపింగ్ కుర్చీలు కూడా ఉండేవి. సెర్చ్‌లో పైకి రావడానికి జనం లెక్క పెంచుకునే ఎత్తు అది. అవీ పోయాయి, వాటి గురించిన సలహాలు మాత్రం చావలేదు.

అపోహ: అడల్ట్ క్లబ్బు అంటే అన్నీ 'ఆ' పనులే

ఇక్కడి స్థలాలకి మూడు రేటింగులు: జనరల్, మోడరేట్, అడల్ట్. అడల్ట్ రేటింగు 2009లో వచ్చింది. దానికోసం జింద్రా అని ఒక ఖండమే పెట్టారు. 18 ఏళ్లు నిండనివాళ్లకి అక్కడ ప్రవేశం లేదు. రేటింగు చెప్పేది అక్కడ ఏం అనుమతిస్తారో అంతే, ప్రతి ఉద్యోగీ ఏం చెయ్యాలో కాదు. ఎస్కార్ట్ పని చేసేవాళ్లు ఉన్నారు, లేరని బుకాయించను. అది వేరే పని, ఎవరికి వాళ్లు ఎంచుకునేది. హోస్ట్‌గా తీసుకుని తర్వాత అటువైపు నెట్టే ఓనరు దొరికితే క్లబ్బు గ్రూపులోంచి బయటికొచ్చెయ్యండి. ఇంకోచోటికి మారిపోయే టెలిపోర్ట్ బటన్ నొక్కాక మిమ్మల్ని ఆపగలిగేవాడు లేడు.

మిగతా పనులు ఏ వినోదశాలలోనైనా ఉండేవే. డీజే, డాన్సర్, గొడవ చేసేవాళ్లని బయటికి పంపే సెక్యూరిటీ, దుకాణంలో అమ్మకం, ఇళ్లు చూపించే అద్దె ఏజెంటు. నాకు బాగా తెలిసింది హోస్ట్ పని కాబట్టి దాన్ని కాస్త దగ్గరగా చూపిస్తాను.

లోకల్ చాట్‌లో టైపు చేసింది 20 మీటర్ల వరకే కనబడుతుంది. అందుకే అనుభవమున్న హోస్ట్ స్టేజి మీద కాకుండా, జనం దిగే చోటుకి దగ్గర్లో నిలబడుతుంది. ఒకాయన దిగాడు. ఇంకా పూర్తిగా లోడ్ కాలేదు, బూడిదరంగు మబ్బులా ఉన్నాడు. ఆ కొన్ని క్షణాల్లో హోస్ట్ అతని ప్రొఫైల్ తెరిచి చదివేస్తుంది. రూపం వచ్చేసరికి పేరు పెట్టి పలకరింపు, వెంటనే 'మీ ఫొటోల్లో ఆ లైట్‌హౌస్ ఎక్కడిది?' అని ఒక ప్రశ్న. అటు పక్క ఐఎంలో (ప్రైవేటు మెసేజుల్లో) ఇంకో ఇద్దరు. మధ్యలో కాంటెస్ట్ బోర్డు మీద ఓట్లు అడగాలి, గ్రూపుకి నోటీసు పంపాలి. సరిగ్గా అప్పుడే డీజే స్ట్రీమ్ తెగుతుంది. పాట ఆగిన ఆ రెండు నిమిషాలూ జనం వెళ్లిపోకుండా మాటలతో పట్టి ఉంచడమే అసలు పరీక్ష. పెద్ద పెద్ద అక్షరాల స్వాగతం జెశ్చర్లు (ఒక్క మీట నొక్కితే వచ్చే రెడీమేడ్ సందేశాలు) వరసగా కొట్టేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. అదేం పలకరింపు? అది గోల.

మా దగ్గర ఒక రెగ్యులర్ ఉన్నాడు. డాన్స్ ఫ్లోర్ ఎక్కడు, చాట్‌లో నాలుగు ముక్కలు మించి రాయడు. ఒకసారి పిల్లికి ఆపరేషన్ అని అన్నాడు. తర్వాతి వారం హోస్ట్ అది గుర్తుపెట్టుకుని పిల్లి ఎలా ఉందని అడిగింది. ఆ రాత్రి ఆమె టిప్పు జార్‌లో పడ్డ టిప్పుల్లో అతనిదే పెద్దది. ఆమె పక్కన అంతకంటే ఖరీదైన అవతార్లతో ఇద్దరు డాన్సర్లు ఉన్నారు. ఇక్కడ డబ్బు ఎక్కువగా వచ్చేది గుర్తుపెట్టుకున్నందుకు, ఒళ్లు చూపించినందుకు కాదు.

అపోహ: ఆడవాళ్లకే గిరాకీ

ఆడ అవతార్లకి ఎక్కువ, నిజమే. అవతార్ వెనక ఎవరున్నారన్నది వేరే సంగతి. కొన్ని క్లబ్బులు వాయిస్‌లో మాట్లాడి నిరూపించమంటాయి, చాలావాటికి టైపింగ్ చాలు. మగ హోస్ట్‌లు తక్కువగా ఉంటారు కాబట్టి మాట నేర్పున్నవాడు త్వరగా గుర్తుండిపోతాడు.

అపోహ: ఇక్కడ ఎవరికీ మనమెవరో తెలియదు

కస్టమర్‌కి తెలియదు, మీరు చెప్పనంతవరకు. డబ్బు చెల్లించేవాళ్లకి తెలియాల్సిందే. 2019 నుంచి డబ్బు బయటికి తీసుకునే వ్యవహారమంతా టిలియా అనే సంస్థ ద్వారా నడుస్తోంది. దానికి అసలు పేరు, చిరునామా, పుట్టిన తేదీ, గుర్తింపు పత్రం ఇవ్వాలి.

ఒకరి అసలు వివరాలను వాళ్ల అనుమతి లేకుండా బయటపెట్టడం, చాట్ లాగ్‌లు పంచుకోవడం సెకండ్ లైఫ్ నియమాలకి విరుద్ధం. నియమం ఉందని ధైర్యంగా ఉండకండి. ఉద్యోగానికి విడిగా ఆల్ట్ ఖాతా (రెండో ఖాతా) పెట్టుకోండి, వేరే పాస్‌వర్డ్‌తో. 'ఒక్క అసలు ఫొటో' అని అడిగేవాడికి మొదటిసారే నవ్వుతూ వద్దని చెప్పండి. నాలుగోసారి దాకా లాగారంటే తర్వాత కుదరదు. 'ఈ డ్రెస్ నీకు బాగుంటుంది చూడు' అంటూ మార్కెట్‌ప్లేస్ (సెకండ్ లైఫ్ ఆన్‌లైన్ దుకాణం) లింకులాంటి లింకు వస్తే నొక్కొద్దు. నకిలీ లాగిన్ పేజీ తెరుచుకుని ఖాతా, అందులోని బ్యాలెన్సు రెండూ పోతాయి. టిప్పులు వచ్చే ఖాతాలకి ఈ బెడద ఎక్కువ.

అపోహ: డబ్బు ఎగ్గొడితే కంపెనీ ఇప్పిస్తుంది

యూజర్ల మధ్య లావాదేవీల గొడవల్లో లిండెన్ ల్యాబ్ తలదూర్చదు. వేధింపులైతే అబ్యూస్ రిపోర్ట్ ఉంది, బ్లాక్ బటన్ ఉంది. డబ్బు విషయంలో దిక్కు ఒక్కటే, మాట్లాడుకున్న మొత్తం ముందే తీసుకోవడం. 'చివర్లో పెద్ద టిప్ ఇస్తా' అన్నవాళ్లలో ఎక్కువమంది చివరిదాకా ఉండరు.

అపోహ: మనకి వీలైనప్పుడు చేసుకోవచ్చు

షిఫ్టులన్నీ ఎస్ఎల్‌టీలో రాస్తారు. అంటే అమెరికా పసిఫిక్ సమయం.  షిఫ్టు సమయం మీకు తెల్లవారుజామున పడితే రోజుకొకరకంగా కాకుండా, వారంలో మీరు కచ్చితంగా రాగలిగే ఒకటి రెండు షిఫ్టులే ఒప్పుకోండి. రెగ్యులర్లు రోజూ వచ్చే హోస్ట్ కోసం చూడరు, చెప్పిన రోజున వచ్చే హోస్ట్ కోసం చూస్తారు.

దరఖాస్తు పెట్టే ముందు ఆ క్లబ్బులో కొన్ని సాయంత్రాలు కస్టమర్‌గా కూర్చోండి. హోస్ట్ చాట్ ఆపినప్పుడు జనం తమలో తాము మాట్లాడుకుంటున్నారా, అన్నీ కదలకుండా నిలబడ్డ అవతార్లేనా చూడండి. టిప్పులో క్లబ్బు వాటా ఎంతో, కాంటెస్ట్ బహుమతి ఎవరు పెడతారో, షిఫ్టుకి రాలేకపోతే ఏం చేస్తారో ఓనరునడిగి నోట్‌కార్డులో, అంటే లోపలే ఇచ్చిపుచ్చుకునే రాతచీటీలో, రాసి ఇమ్మనండి. రాసివ్వనంటే ఇంకో క్లబ్బు చూసుకోండి.