బండి పోయింది, బాకీ ఎందుకు పోలేదు?

అనంతపురంలో ట్యాక్సీ తిప్పుకునే మాకు తెలిసినాయనకు ఈ మధ్య ఫైనాన్స్ కంపెనీ నుంచి ఒక కవరొచ్చింది. సీజింగ్ వాళ్లు కారు పట్టుకెళ్లి అప్పటికి ఏడు నెలలు. వేలంలో వచ్చింది పోను ఇంకా 1,62,000 రూపాయలు కట్టాలని అందులో ఉంది. "బండి వాళ్లే తీస్కపోయిరి, ఇంగ బాకీ యాడిదన్నా?" అని అడిగాడు. చిన్న ప్రశ్నే గానీ దీని వెనక యాభై ఏళ్ల కథ ఉంది.

పాత రోజుల్లో లారీలు, జీపులు ఎక్కువగా హైర్ పర్చేజ్ మీద తీసుకునేవారు. కాగితాల్లో బండి ఫైనాన్షియర్‌దే. మనం అద్దె కడుతున్నట్టు లెక్క, ఆఖరి కిస్తీతో మనదవుతుంది. కిస్తీలు తప్పితే ఆయన తన బండిని తాను తోలుకుపోయినట్టు. దీనికి పగ్గం వేయడానికి 1972లో పార్లమెంటు హైర్ పర్చేజ్ చట్టం చేసింది. ధరలో నిర్ణీత వంతు కట్టేశాక కోర్టుకు పోకుండా బండి లాక్కోకూడదన్నది అందులో ఒక నియమం. చిత్రమేమిటంటే ఆ చట్టం అమల్లోకి రానేలేదు. 2005లో రద్దు చేసి చేతులు దులుపుకున్నారు.

ఈలోగా అప్పు రూపమే మారింది. ఇప్పటి కారు లోన్లు చాలావరకు హైపోథికేషన్. బండి మనది, అప్పూ మనదే. బండి తాకట్టు వస్తువు, కాకపోతే మన దగ్గరే ఉంటుంది. బంగారం కుదువ పెట్టినట్టే అనుకోండి. అమ్మగా వచ్చింది బాకీకి చాలకపోతే మిగతాది మన నెత్తినే. ఎక్కువొస్తే మనకు తిరిగివ్వాలి, ఈ రెండో సగం ఏ ఏజెంటూ చెప్పడు. మనవాళ్లకు మాత్రం పాత లెక్కే తలలో ఉండిపోయింది: బండి ఇచ్చేస్తే తీరిపోతుందని.

గూండాలతో బండ్లు లాక్కోవడం మీద సుప్రీంకోర్టు 2007లోనే బ్యాంకులను గట్టిగా మందలించింది. 2008లో రికవరీ ఏజెంట్లపై రిజర్వు బ్యాంకు నియమాలొచ్చాయి. అయితే 2020లో, ఒప్పందం ప్రకారం స్వాధీనం చేసుకుంటే తప్పు కాదని అదే సుప్రీంకోర్టు చెప్పింది. అంటే చివరికి అంతా మనం చదవకుండా సంతకం పెట్టిన ఒప్పందం దగ్గరికే వచ్చింది.

అందుకే 2009లో రిజర్వు బ్యాంకు ఫైనాన్స్ కంపెనీలకు చెప్పిన మాట పనికొస్తుంది. స్వాధీనానికి ముందు ఎన్నాళ్ల నోటీసు, అమ్మే ముందు ఆఖరి అవకాశం, వేలం పద్ధతి, ఇవన్నీ ఒప్పందంలోనే ఉండాలి. బాకీ మీద గొడవ పడాల్సింది ఇక్కడే. బండి ఎంతకు పోయింది, ఆ ధర ఎలా కట్టారు, పట్టుకెళ్లిన బండి నిలిపినందుకు యార్డు చార్జీలు ఎన్ని రోజులకు వేశారు? ఆలస్యానికి వేసే జరిమానాను వడ్డీలో కలిపి, దాని మీద మళ్లీ వడ్డీ లాగకూడదని 2023లో వచ్చిన ఆదేశం 2024 నుంచి అమల్లో ఉంది. స్టేట్‌మెంట్‌లో ఆ వరుసలు వేలు పెట్టి చూడాలి.

ఇంకో చిక్కు ఆర్బిట్రేషన్, అంటే కోర్టు బయట ఆర్బిట్రేటర్ అనే మధ్యవర్తి దగ్గర గొడవ తేల్చుకోవడం. చెన్నై నుంచో ముంబై నుంచో ఇంగ్లీషులో నోటీసొస్తుంది, ఇంట్లో టీవీ కింద పడేస్తారు. తీర్పు వచ్చేశాక కోర్టులో సవాలు చేయడానికి గడువు మూడు నెలలే. వివాదంలో లాభనష్టాలున్నవాళ్లు ఏకైక ఆర్బిట్రేటర్‌ను తామే నియమించడం చెల్లదని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది గానీ, నోటీసు విప్పనివాడికి ఆ మాట ఎట్లా తెలుస్తుంది? కంపెనీకి రాసిన ఫిర్యాదుకు 30 రోజుల్లో జవాబు రాకపోతే ఇలాంటి ఫిర్యాదులు వినే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ ఉన్నాడు, జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది.

మా ట్యాక్సీ ఆయన దగ్గర కాగితాలన్నీ పరిచి చూశాం. వేలానికి ముందు పంపామన్న నోటీసు ఆయన మూడేళ్ల కిందట ఖాళీ చేసిన గుత్తి రోడ్డు ఇంటికి పోయింది. కొత్త చిరునామా ఇచ్చినట్టు కంపెనీ రసీదు ఆయన పర్సులోనే ఉంది. అడ్డం తగిలిందల్లా ఒక్కటే: కారు తీసుకెళ్లిన రోజు రోడ్డు మీదే బానెట్ మీద పెట్టి సంతకం చేయించుకున్న కాగితం. 'నా ఇష్టపూర్వకంగా బండి అప్పగిస్తున్నాను' అని ఉంది దాంట్లో. తేదీ మాత్రం ఆయన చేతిరాత కాదు.