పిల్లల ఊబకాయం: బడి చేతిలో ఉన్నదేమిటి

పిల్లలు లావెక్కుతున్నారనగానే చాలామంది ముందుగా బడినే తప్పుపడతారు. గంటల తరబడి కూర్చోబెట్టే తరగతులు, కుదించుకుపోయిన ఆటల పీరియడ్లు, గేటు దాటగానే దొరికే చిరుతిళ్లు కళ్లెదుటే కనిపిస్తాయి గనుక ఆ అనుమానం సహజమే. అయితే అమెరికాలో 2010లో కిండర్‌గార్టెన్‌లో చేరిన పద్దెనిమిది వేల మందికి పైగా పిల్లల ఎత్తు, బరువులను రెండో తరగతి ముగిసేదాకా నమోదు చేస్తూ వచ్చిన ఒక పరిశోధన, 2016లో ఈ అనుమానాన్ని తలకిందులు చేసింది. ఆ పిల్లల్లో ఊబకాయం 8.9 శాతం నుంచి 11.5 శాతానికి పెరిగిన మాట నిజం. కానీ ఆ పెరుగుదల అంతా రెండు వేసవి సెలవుల్లోనే జరిగింది. బడి నడిచిన నెలల్లో ఊబకాయం పెరగలేదు.

బడి ఉన్న రోజున పిల్లలకు లేచే వేళ, తినే వేళ, ఆడే వేళ ఒక క్రమంలో ఉంటాయి. ఆకలి లేకున్నా డబ్బా తెరిచి నోట్లో వేసుకునే వీలు తరగతి గదిలో ఉండదు. సెలవుల్లో ఈ కట్టు సడలుతుంది. నిద్ర రాత్రి పొద్దుపోయాకకు జరుగుతుంది, తెర ముందు గడిపే సమయం పెరుగుతుంది, వేళాపాళా లేని తిండి దాని వెంటే వస్తుంది. ఈ వివరణ ఎంతవరకు పూర్తిదో చెప్పడానికి ఇంకా అధ్యయనాలు కావాలి గానీ, ఒక విషయం మాత్రం తేటపడుతుంది. మామూలుగా నడిచే బడి కూడా పిల్లలకు కొంత రక్షణ ఇస్తోంది. ఆ రక్షణను పెంచడం ఎలా అన్నదే ప్రభుత్వ విధానాల ముందున్న అసలు పని.

ఆ పని ఎంత అవసరమో ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలు చూస్తే తెలుస్తుంది. 5 నుంచి 19 ఏళ్ల వయసువారిలో 1990లో 2 శాతంగా ఉన్న ఊబకాయం 2022 నాటికి 8 శాతానికి, అంటే 16 కోట్ల మందికి చేరింది. ఎదిగే వయసు గనుక పెద్దల మాదిరిగా బీఎంఐ (ఎత్తుకు బరువు ఎంత తగ్గట్టుందో చెప్పే సూచిక) 30 అన్న ఒకే గీత పిల్లలకు పనికిరాదు. అదే వయసు, అదే లింగం పిల్లల ప్రామాణిక కొలతలతో పోల్చి, మధ్యస్థం కంటే రెండు ప్రామాణిక విచలనాలకు (కొలతలు సాధారణంగా ఎంత అటూ ఇటూ చెదురుతాయో చెప్పే లెక్క) మించి ఉన్నప్పుడే ఊబకాయంగా లెక్కిస్తారు. ఇలా జాగ్రత్తగా కొలిచినా లెక్క నాలుగింతలయింది. ముప్పై రెండేళ్లలో మనిషి జన్యువులు మారిపోవు, కోట్లాది పిల్లల మనోనిగ్రహం ఒక్కసారిగా సన్నగిల్లదు. మారింది వాళ్ల చుట్టూ ఉన్న తిండి, తీరిక, తిరుగుడు. అందుకే బడుల కోసం తెచ్చే ఏ విధానాన్ని చూసినా, అది పిల్లవాడిని సరిదిద్దాలని చూస్తోందా, పిల్లవాడి చుట్టూ ఉన్నదాన్ని సరిదిద్దాలని చూస్తోందా అన్నదే నేను మొదట గమనిస్తాను.

పిల్లవాడిని సరిదిద్దాలని చూసినవాటిలో బాగా పేరుపడింది బరువు నివేదిక. అమెరికాలోని ఆర్కన్సా రాష్ట్రం 2003లో చట్టం చేసి, బడిలో పిల్లల బీఎంఐ కొలిచి ఆ ఫలితాన్ని ఇంటికి పంపడం మొదలుపెట్టింది. తల్లిదండ్రులకు తెలిస్తే తగిన చర్య తీసుకుంటారన్నది ఆశ. తర్వాత చాలా రాష్ట్రాలు ఈ పద్ధతినే పట్టుకున్నాయి. ఇది నిజంగా పనిచేస్తుందా అని కాలిఫోర్నియాలో 79 బడుల్లో, దాదాపు 29 వేల మంది పిల్లలతో 2014 నుంచి 2017 వరకు పరీక్షించి చూశారు. కొన్ని బడుల్లో కొలిచి ఇంటికి తెలిపారు, కొన్నింటిలో కొలిచి ఊరుకున్నారు, మరికొన్నింటిలో కొలవనేలేదు. నివేదిక అందిన పిల్లల బరువులో మెరుగు ఏమీ కనబడలేదు. పైగా కొలిచిన బడుల్లో పిల్లలకు తమ శరీరం మీద అసంతృప్తి పెరిగింది, తోటివారి మధ్య బరువు గురించిన మాటలు ఎక్కువయ్యాయి. మూడో తరగతి పిల్ల ఒకతి వరుసలో నిలబడి, బూట్లు విప్పి, వెనకున్నవాళ్లు చూస్తుండగా తూకం మీద కాలు పెట్టే ఆ క్షణాన్ని ఒక్కసారి ఊహించుకుంటే, ఈ ఫలితం ఎవరికీ వింతగా తోచదు. కొలవడమే తప్పని నేను అనను. ఇంగ్లండ్‌లో 2005 నుంచి బడిలో చేరే వయసులో ఒకసారి, పది, పదకొండేళ్ల వయసులో మరోసారి పిల్లలను కొలుస్తున్నారు. ఏ ప్రాంతంలో, ఏ ఆదాయ వర్గంలో సమస్య ముదురుతోందో ఆ లెక్కల వల్లే తెలుస్తోంది. కొలత ప్రభుత్వానికి దారి చూపాలి, పిల్లకు సిగ్గు తెప్పించకూడదు.

ఇక చుట్టూ ఉన్నదాన్ని సరిదిద్దే విధానాల విషయానికొస్తే, నాకు అన్నిటికంటే నచ్చేది నీళ్ల కథ. న్యూయార్క్ నగరంలోని ప్రభుత్వ బడుల భోజనశాలల్లో పెద్ద పారదర్శకమైన నీళ్ల పాత్రలను పెట్టారు. పాత్రలో నీళ్లు చల్లగా, తేటగా పైకే కనిపిస్తాయి. మీట నొక్కితే గ్లాసు చిటికెలో నిండుతుంది. అంతకుముందు కూడా బడుల్లో కుళాయిలు లేకపోలేదు. కానీ నడవాలో గోడకు బిగించిన సన్నటి ధార దగ్గర వంగి, నోరు పెట్టి తాగాలంటే, వెనక వరుస కట్టినవాళ్లు తొందర పెడుతుంటే, పిల్లలు రెండు గుక్కలతో సరిపెట్టుకునేవారు. నగరంలోని 1,227 బడుల సమాచారాన్ని పరిశీలించి 2016లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, ఈ పాత్రలు వచ్చిన బడుల్లో అధిక బరువున్న మగపిల్లల వాటా 0.9 శాతాంశాలు, ఆడపిల్లల వాటా 0.6 శాతాంశాలు తగ్గింది. ఉపన్యాసం లేదు, నిషేధం లేదు, ఇంటికి ఉత్తరం లేదు. నీళ్లు కంటికి కనబడేచోట, చేతికి అందేచోట ఉన్నాయి, అంతే. జర్మనీలో డార్ట్మండ్, ఎసెన్ నగరాల్లోని 32 ప్రాథమిక బడుల్లో నీటి కుళాయిలు పెట్టి, పిల్లలకు సీసాలు ఇచ్చి, నీళ్ల గురించి నాలుగు పాఠాలు చెప్పినప్పుడు కూడా ఒక విద్యా సంవత్సరంలో అధిక బరువు ముప్పు 31 శాతం తక్కువగా నమోదయింది.

నీళ్లకు ఇంత బలం ఎక్కడి నుంచి వస్తుందంటే, అవి పక్కకు నెట్టే పానీయాల నుంచి. గట్టి ఆహారంలోని కేలరీలను శరీరం గుర్తించినంతగా ద్రవరూపంలోని చక్కెరను గుర్తించదు. తీపి పానీయం తాగాక కడుపు నిండినట్టు అనిపించదు గనుక, తర్వాతి భోజనం ఆ మేరకు తగ్గదు. నెదర్లాండ్స్‌లో 641 మంది బడిపిల్లలకు పద్దెనిమిది నెలలపాటు రోజుకు 250 మిల్లీలీటర్ల పానీయం ఇచ్చారు. సగం మందికి చక్కెర ఉన్నది, సగం మందికి లేనిది. ఎవరికి ఏది వెళ్తోందో పిల్లలకు గానీ వాళ్లను కొలిచేవారికి గానీ తెలియదు. 2012లో వెలువడిన ఫలితాల్లో చక్కెర తాగినవారు సగటున 7.37 కిలోలు, తాగనివారు 6.35 కిలోలు పెరిగారు. ఎదిగే పిల్లలు గనుక ఇద్దరూ పెరగడం సహజం, ఆ మధ్యనున్న కిలో మాత్రం రోజుకు 104 కేలరీల చక్కెరది. బడి ఆవరణలోకి తీపి పానీయాలు రానివ్వకూడదన్న నియమానికి ఇంతకంటే గట్టి ఆధారం వెతకనక్కర్లేదు.

భోజనం దగ్గరికి వస్తే వ్యవహారం చిక్కుపడుతుంది, ఎందుకంటే అక్కడ డబ్బు, అలవాటు, రాజకీయం మూడూ ఒకే పళ్లెంలో కలుస్తాయి. అమెరికాలో 2010లో వచ్చిన చట్టాన్ని అనుసరించి 2012 నుంచి బడి భోజనానికి కొత్త ప్రమాణాలు పెట్టారు. రోజూ పండ్లు, కూరగాయలు ఉండాలి, పొట్టు తీయని ధాన్యం పెరగాలి, పాలలో కొవ్వు తగ్గాలి, చిన్న తరగతుల భోజనం 550 నుంచి 650 కేలరీల మధ్యే ఉండాలి. పిల్లలు కూరలన్నీ చెత్తబుట్టలో పారేస్తారని పెద్ద గోలే జరిగింది. నిజానికి ఒక పేద పట్టణ ప్రాంతంలోని నాలుగు బడుల్లో పళ్లేల్లో మిగిలిన తిండిని మార్పుకు ముందూ తర్వాతా తూచి చూస్తే, పండు తీసుకున్నవారు 23 శాతం పెరిగారు, ఒక్కో విద్యార్థి తిన్న కూరగాయలు 16 శాతం పెరిగాయి, పారవేత మాత్రం పెరగలేదు. 2020లో వచ్చిన మరో విశ్లేషణ ఈ చట్టం ప్రభావాన్ని దేశవ్యాప్తంగా లెక్కగట్టింది. పిల్లలందరినీ కలిపి చూస్తే స్పష్టమైన మార్పు తేలలేదు. పేద కుటుంబాల పిల్లలను వేరుగా చూసినప్పుడు మాత్రం, చట్టం రాకపోయి ఉంటే 2018 నాటికి వారిలో ఊబకాయం 47 శాతం ఎక్కువగా ఉండేదని అంచనా వచ్చింది. బడి భోజనం మీద ఎక్కువగా ఆధారపడేది ఆ పిల్లలే గనుక ఈ తేడాలో న్యాయం ఉంది. సగటు ఒక్కటే చూసి విధానం విఫలమైందని తీర్పు చెప్పేవారు ఈ పిల్లలను లెక్కలోంచి తీసేస్తున్నారని నాకు బాధ కలుగుతుంది.

పళ్లెంలో ఏముందన్నది ఒక ఎత్తయితే, దాన్ని తినడానికి సమయం ఉందా అన్నది మరో ఎత్తు. కూర్చుని తినడానికి ఇరవై నిమిషాల కంటే తక్కువ దొరికిన పిల్లలు ముందుగా వదిలేసేవాటిలో కూరగాయలు ఉంటాయి. నమలాల్సినవి అవే గనుక. ఆటల విరామాన్ని భోజనానికి ముందుకు జరిపితే పండ్లు, కూరగాయలు ఎక్కువగా తింటారని కూడా గమనించారు. భోజనం తర్వాత ఆట ఉంటే మనసంతా మైదానం మీదే ఉండి, పళ్లెం సగంలో వదిలి పరుగెత్తడం ఏ బడిలోనైనా చూసేదే. గంట కొట్టే వేళ మార్చడానికి ఖర్చు దాదాపు ఉండదు.

వ్యాయామం గురించి కొంచెం జాగ్రత్తగా మాట్లాడాలి. పిల్లలు రోజుకు సగటున అరవై నిమిషాలు ఒళ్లు అలిసేలా కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. స్కాట్లాండ్‌లో స్టర్లింగ్‌లోని ఒక ప్రాథమిక బడిలో 2012లో ప్రధానోపాధ్యాయురాలు ఎలైన్ వైలీ రోజూ పదిహేను నిమిషాలు పిల్లలను బయట పరుగెత్తించడం మొదలుపెడితే, ఆ పద్ధతి ఎన్నో దేశాలకు పాకింది. ఇది మంచిదే. కానీ ఆట ఒక్కటే బరువును దించుతుందని ఆశపెట్టడం మంచిది కాదు. బర్మింగ్‌హామ్ ప్రాంతంలో 54 బడుల్లో అదనపు వ్యాయామం, వంట పాఠాలు, కుటుంబాలకు సమాచారం కలిపి ఏడాదిపాటు నడిపిన కార్యక్రమం వల్ల బరువులో గణనీయమైన తేడా రాలేదని 2018లో తేలింది. గుండెకు, ఎముకలకు, నిద్రకు, ఏకాగ్రతకు ఆట అవసరం. ఆ కారణాలు చాలు. ఆటను బరువు మందుగా అమ్మితే, బరువు తగ్గనప్పుడు ఆటల పీరియడే తీసేస్తారు.

బడి ఎంత చేసినా గేటు బయట ప్రపంచం అలాగే ఉంటే శ్రమ సగం నీరుగారుతుంది. చిలీ దేశం ఈ రెంటినీ కలిపి పట్టుకుంది. 2016 జూన్ నుంచి చక్కెర, ఉప్పు, సంతృప్త కొవ్వు, కేలరీలు పరిమితి దాటిన ప్యాకెట్ల మీద నల్లటి అష్టభుజి గుర్తు తప్పనిసరయింది. ఆ గుర్తు ఉన్నవాటిని బడిలో అమ్మకూడదు, పిల్లలను ఆకర్షించేలా ప్రకటించకూడదు. వంద గ్రాములకు చక్కెర పరిమితిని మొదట 22.5 గ్రాములుగా పెట్టి, 2019 నాటికి 10 గ్రాములకు దించారు. తయారీదారులకు మారే గడువు ఇస్తూనే గమ్యం ముందే చెప్పిన ఈ పద్ధతి నాకు తెలివైనదిగా తోస్తుంది. బ్రిటన్ 2018 ఏప్రిల్ నుంచి తీపి పానీయాల మీద చక్కెర మోతాదును బట్టి సుంకం వేసింది. సుంకం ప్రకటించిన 2016 నుంచి అమలయ్యేలోపే సగానికి పైగా తయారీదారులు చక్కెర తగ్గించుకున్నారు. ఆ తర్వాత ఇంగ్లండ్‌లో పది, పదకొండేళ్ల ఆడపిల్లల్లో ఊబకాయం, సుంకం లేకపోతే ఉండేదానికంటే 8 శాతం తక్కువగా ఉన్నట్టు 2023లో అంచనా వేశారు. మగపిల్లల్లో అలాంటి తగ్గుదల కనబడలేదు.

ఈ ఫలితాల్లో చాలావరకు చిన్నవే. ఒక్కో పిల్లవాడిని చూస్తే అరకిలో, కిలో తేడా. అయితే జనాభాలో వ్యాధుల తీరును అధ్యయనం చేసిన బ్రిటిష్ శాస్త్రవేత్త జెఫ్రీ రోజ్ 1985లో చూపినట్టు, జనాభా మొత్తంలో వచ్చే చిన్న జరుగుడు, ప్రమాదపు అంచున ఉన్న వేలమందిని ఇవతలికి లాగుతుంది. చికిత్సకు, విధానానికి కొలబద్దలు వేరు. ఇప్పటికే ఊబకాయంతో బాధపడే పిల్లకు వైద్యుడి శ్రద్ధ కావాలి, ఆమెకు నీళ్ల పాత్ర చూపించి చేతులు దులుపుకోకూడదు.

మిగిలింది సెలవుల సంగతి. బడి ఇచ్చే రక్షణ బడి మూసిన రోజున ఆగిపోతోందన్న గ్రహింపుతో కొన్ని ప్రభుత్వాలు దాన్ని వేసవిలోకి కూడా పొడిగిస్తున్నాయి. ఇంగ్లండ్‌లో 2021 నుంచి, ఉచిత బడి భోజనానికి అర్హులైన పిల్లలకు పెద్ద సెలవుల్లో స్థానిక కేంద్రాల్లో ఆటలు, దానితోపాటు ఒక పూట పోషకాహారం అందే పథకం దేశమంతటా నడుస్తోంది. తాళం పడిన భోజనశాలకు బదులుగా, ఆ రోజుల్లో కూడా పిల్లలు ఒక వేళకు లేచి, ఒక చోటికి వెళ్లి, నలుగురితో కలిసి ఆడి, కూర్చుని తింటారు.