ఖీమాలో ఉప్పు ఎప్పుడు వేయాలి?

“ఇంట్లో బర్గర్ చేస్తే ప్యాటీ సీఖ్ కబాబులా బిగుసుకుపోతోంది. మాంసం తాజాదే, కళ్లముందే ఖీమా కొట్టించుకున్నాను. లోపం ఎక్కడ?” అని టోలీచౌకి నుంచి ఒక పాఠకుడు అడిగారు. తాను చేసిన పద్ధతి కూడా పూసగుచ్చినట్టు రాశారు. అందులో ఒక వాక్యం దగ్గరే నా చూపు ఆగిపోయింది: ఉప్పు, మిరియాల పొడి వేసి ఖీమాను బాగా పిసికి, అరగంట పక్కన పెట్టారట.

ఆయన చేయబోయింది ప్యాటీ మెల్ట్. పలుచని బీఫ్ ప్యాటీ, ఎర్రగా వేగిన ఉల్లి, చీజ్ రెండు బ్రెడ్ ముక్కల మధ్య పెట్టి పెనం మీద కాల్చే అమెరికన్ వంట. సగం బర్గర్, సగం శాండ్‌విచ్. ఉల్లి వేయించడం హైదరాబాదు వాళ్లకు ఎవరూ నేర్పనక్కర్లేదు. ఉప్పు సంగతే చూద్దాం.

ఇంటర్ జువాలజీలో కండరపు ప్రోటీన్లైన ఆక్టిన్, మయోసిన్‌ల బొమ్మ గీయకుండా ఎవరూ గట్టెక్కరు. కండరం ఎలా ముడుచుకుంటుందో వర్ణించి ఎనిమిది మార్కులు తెచ్చుకుంటాం. ఆ మయోసినే రేపు పెనం మీదికి వస్తుందని మాత్రం ఏ మాస్టారూ చెప్పరు. చెప్తే ఆ పాఠం జీవితాంతం గుర్తుండేది.

కండరంలోని ఒక్కో మందపాటి తంతువును వరిగడ్డి మోపు అనుకోండి. సుమారు 300 మయోసిన్ అణువులు ఆ మోపులో పరకలు. మోపు బిగువుగా ఉన్నంతసేపు పరకలు విడిపోవు, పక్క మోపుతో కలవవు. ఉప్పు వచ్చి కట్టు వదులు చేస్తుంది. పరకలు విచ్చుకుంటాయి, మోపు ఉబ్బుతుంది, సందుల్లోకి నీరు చేరుతుంది. ఇక మీరు పిసకడం మొదలుపెడితే ఒక మోపు పరకలు ఇంకో మోపు పరకలతో పెనవేసుకుంటాయి. చేతికి అంటుకునే జిగురు అదే. వేడి తగిలితే ఆ అల్లిక అలాగే గడ్డకట్టి, మళ్లీ విడదీయలేని చాపలా మారుతుంది.

అయితే గడ్డిపరకకు విద్యుదావేశం ఉండదు, ప్రోటీనుకు ఉంటుంది. ఉప్పులోని క్లోరైడ్ అయాన్లు తంతువులకు అంటుకుని రుణావేశాన్ని పెంచుతాయి. ఒకే ఆవేశం ఉన్నవి ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. లెక్క వేద్దాం. కిలో మాంసంలో నీరు సుమారు 750 గ్రాములు. అందులో 15 గ్రాముల ఉప్పు వేస్తే అది దాదాపు 0.26 మోల్, అంటే లీటరు నీటికి 0.34 మోల్ చొప్పున, 0.34 మోలార్ ద్రావణం. మయోసిన్ కరగడానికి 0.3 మోలార్ దాటితే చాలు, పైగా కండరంలో సహజంగా ఉండే లవణాలు ఎలాగూ ఉన్నాయి. నాలుకకు సరిపోయే ఉప్పే మోపు విప్పడానికీ సరిపోతుందన్నమాట. సీఖ్‌కు గుచ్చిన ఖీమా నిప్పుల్లో రాలిపోకుండా నిలిచేది ఈ జిగురుతోనే. కబాబుకు ఇది వరం. కొరికితే పొడిపొడిగా విడిపోవాల్సిన బర్గర్‌కు ఇదే శాపం.

అందుకని ఖీమాలో ఏమీ కలపకండి. వేళ్లతో అదిమీ అదమనట్టు తట్టి, బ్రెడ్ కంటే అన్ని వైపులా వేలెడు వెడల్పుగా పరచండి. 60 డిగ్రీలు దాటాక కండరాన్ని కట్టి ఉంచే కొల్లాజెన్ అనే ప్రోటీన్ ముడుచుకుంటుంది, ప్యాటీ కుంచించుకుపోయి బ్రెడ్‌కు సరిపోతుంది. పెనం మీద వేసే క్షణంలో పైపైన ఉప్పు చల్లండి. పై పొరలో మోపులు విప్పుకునేలోపే లోపలంతా ఉడికిపోతుంది.

ఇక్కడ దొరికే బీఫ్ చాలావరకు గేదె మాంసం. రంగు ముదురు, కొవ్వు తక్కువ. బర్గర్‌కు ఐదో వంతు కొవ్వు ఉంటే బాగుంటుంది కాబట్టి ఖీమా కొట్టేటప్పుడే తెల్లకొవ్వు కొంత వేయమని అడగండి. కబాబుకు పట్టించినట్టు పచ్చి బొప్పాయి ముద్ద మాత్రం వద్దు. ముందే యంత్రం నరికిన నారను బొప్పాయిలోని పపాయిన్ అనే ఎంజైమ్ ఇంకా నరికితే ముద్దే మిగులుతుంది.

పెనం సుర్రుమంటే రసమంతా లోపల బందీ అవుతుందని 19వ శతాబ్దంలో జర్మన్ రసాయన శాస్త్రవేత్త లీబిగ్ ప్రచారం చేశారు. మన పక్కింటి అత్తయ్య నుంచి టీవీ వంటల దాకా అందరూ ఇప్పటికీ ఆ మాటే అంటారు. బయటికి కారిన నీరు ఆవిరవుతుంటేనే కదా ఆ చప్పుడు! వేడి పెనం ఇచ్చేది రంగు, వాసన. అది 1912లో ఫ్రెంచ్ శాస్త్రవేత్త మయ్యార్ వర్ణించిన, వేడికి ప్రోటీన్లూ చక్కెరలూ కలిసి జరిగే చర్య పుణ్యం. లోపలి వేడి మాత్రం 71 డిగ్రీలకు చేరాల్సిందే. ముక్క మీద ఉండే సూక్ష్మజీవులు ఖీమా చేసేటప్పుడు లోపలికి పోతాయి.

ఇక సాస్. పచ్చి గుడ్డుతో చేసే మయోనైజ్‌ను తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరు 30 నుంచి ఏడాదిపాటు నిషేధించింది. ఇంట్లో కూడా గుడ్డు లేకుండా చేసుకోవడమే నయం. పొడవాటి పాత్రలో అర కప్పు కాచి చల్లార్చిన పాలు, కప్పు నూనె, అర చెంచా ఆవపిండి వేసి చేతి బ్లెండర్‌ను అడుగున ఆనించి తిప్పండి. పాలలోని కేసీన్ అనే ప్రోటీన్ నూనె బిందువులకు తొడుగులా పట్టుకుంటుంది. ఆవగింజ పొట్టులోని జిగట పదార్థం వాటిని మళ్లీ కలవనివ్వదు. గోళాలను డబ్బాలో గజిబిజిగా పోస్తే దాదాపు 64 శాతం చోటే నిండుతుంది. మన నూనె 67 శాతం. కదలడానికి చోటు లేక బిందువులు ఒకదాన్నొకటి ఒత్తుకుంటాయి, అందుకే రెండు ద్రవాలు కలిసి చెంచాకు నిలిచే ముద్దవుతాయి.

నిమ్మరసం చివర్లోనే. ముందే పిండితే తొడుగు కావాల్సిన కేసీన్ విరిగి గడ్డలు కడుతుంది. తర్వాత టమాటా కెచప్, సన్నగా తరిగిన ఉప్పు దోసకాయ ముక్కలు, చిటికెడు కారం కలపండి. సాస్ విరిగి నూనె తేలితే పారేయకండి: వేరే పాత్రలో రెండు చెంచాల పాలు పోసి బ్లెండర్ తిప్పుతూ, విరిగిన సాస్‌ను కొద్దికొద్దిగా అందులో పోయండి, మళ్లీ కూడుకుంటుంది. ఫ్రిజ్‌లో పెట్టి రెండు మూడు రోజుల్లో వాడేయండి.