పుట్టని ప్రొఫెసర్: సోవియట్ అంతరిక్ష రహస్యాల వెనక కథ

ప్రొఫెసర్ కె. సెర్గేయెవ్ అనే మనిషి ఎక్కడా పుట్టలేదు. ఏ యూనివర్సిటీలోనూ పాఠం చెప్పలేదు. అయినా 1960ల మొదట్లో సోవియట్ కమ్యూనిస్టు పార్టీ పత్రిక ప్రావ్దాలో అంతరిక్షం గురించి ఆయన పేరుతో వ్యాసాలు వచ్చేవి. చదివిన వాళ్లు ఎవరో పెద్ద పండితుడు కాబోలు అనుకునేవారు. పేరును తిరగేస్తే గుట్టు బయటపడుతుంది: సెర్గేయ్ కొరొల్యోవ్. పేరేమో ఇంటిపేరైంది, ఇంటిపేరు పొడి అక్షరమైంది. ప్రపంచంలో మొదటి ఉపగ్రహాన్నీ, ఆ తర్వాత మొదటి మనిషినీ పైకి పంపిన ఇంజినీరుకు సొంత దేశపు పత్రికలో సొంత పేరుతో రాసుకునే వీలు లేకపోయింది.

రహస్య రష్యన్ సైంటిస్టుల కథలకు ఇవాళ యూట్యూబ్‌లో, వాట్సాప్‌లో కరువు లేదు. అంతరిక్షంలోకి వెళ్లిన మొదటి మనిషి గగారిన్ కంటే ముందే పైకి వెళ్లి తిరిగిరాని వ్యోమగామి, భూగర్భంలో ప్రయోగశాల, ఫైళ్లలోంచి పేరు చెరిపేసిన మేధావి. చాలావరకు కల్పనే. అయినా వినగానే నమ్మబుద్ధేస్తుంది. కారణం ఆ కథలు అల్లేవాళ్ల నేర్పు కాదని నా అనుమానం. అసలు కథల రచయిత సోవియట్ ప్రభుత్వమే. పేర్లు, ఊళ్లు, చావులు, చివరికి పారాచ్యూట్లు కూడా కల్పించింది, లేదా దాచింది. తర్వాత వచ్చిన వాళ్లు ఆ ఖాళీలు పూరించారంతే.

కొరొల్యోవ్ 1907లో ఇప్పటి యుక్రెయిన్‌లోని జితోమిర్‌లో పుట్టాడు. మాస్కోలో విమానాల ఇంజినీరింగ్ చదువుతున్నప్పుడు ఆయన డిప్లొమా ప్రాజెక్టుకు గైడు పేరున్న విమాన డిజైనర్ ఆంద్రేయ్ తుపొలేవ్. ఈ పేరు గుర్తుంచుకోండి, మళ్లీ జైల్లో తగులుతుంది. 1931లో కొందరు కుర్రాళ్లు మాస్కోలో ఒక నేలమాళిగలో చేరి రాకెట్లు కట్టడం మొదలుపెట్టారు. ఆ బృందం పేరు గిర్ద్. రష్యన్‌లో ఆ పొడి అక్షరాలకు వాళ్లే ఇంకో అర్థం చెప్పుకుని నవ్వుకునేవారు: ఊరికే పనిచేసే ఇంజినీర్ల గుంపు. జీతం లేని కొలువన్న మాట. 1933 ఆగస్టులో వాళ్ల మొదటి రాకెట్ లేచింది.

తర్వాత స్టాలిన్ అరెస్టుల కాలం వచ్చింది. రాకెట్ సంస్థ పెద్దలు క్లెయ్‌మ్యొనోవ్, లాంగెమాక్‌లను 1938 జనవరిలో కాల్చి చంపారు. మార్చిలో ఇంజిన్ల నిపుణుడు గ్లుష్కోను పట్టుకెళ్లారు. జూన్ 27న కొరొల్యోవ్ వంతు. కొట్టి తీసుకున్న వాంగ్మూలాల్లో సహచరులు ఒకరి మీద ఒకరు నేరం చెప్పేలా చేశారు. పదేళ్ల శిక్ష వేసి కొరొల్యోవ్‌ను సైబీరియా తూర్పు కొసన కొలిమాలోని మల్ద్యాక్ బంగారు గనికి పంపారు. అక్కడ స్కర్వీ పట్టి పళ్లు రాలిపోయాయి. విచారణలో తగిలిన దెబ్బలకు దవడ విరిగిందని జీవితచరిత్రకారులు రాశారు. ఈ దవడ సంగతి కూడా మళ్లీ వస్తుంది.

కేసు తిరగదోడడంతో ఆయన్ను మాస్కోకు రప్పించి, ఖైదీ ఇంజినీర్ల డిజైన్ కార్యాలయంలో పెట్టారు. రష్యన్లు దీన్ని షరాష్కా అంటారు. చుట్టూ కాపలా, లోపల డ్రాయింగ్ బల్లలు. అక్కడ పెద్ద ఎవరంటే తుపొలేవ్, ఆయనా ఖైదీయే. గురుశిష్యులిద్దరూ తాళం వేసిన గదిలో బాంబర్ విమానం గీశారు. తర్వాత కొరొల్యోవ్‌ను కజాన్‌లోని ఇంకో షరాష్కాకు, అదే గ్లుష్కో దగ్గరికి పంపారు. 1944లో విడుదల చేశారు గానీ, నేరమేమీ లేదని కాగితం చేతికిచ్చింది 1957లో, మొదటి ఉపగ్రహం స్పుత్నిక్ ఎగరడానికి కొన్ని నెలల ముందు. అంటే రికార్డుల్లో మచ్చ ఉన్నంతకాలం దేశంలోకెల్లా అతి రహస్యమైన పని ఆయన చేతుల మీదుగానే నడిచింది.

ఇంత దాపరికం ఎందుకు? ఆర్-7 రాకెట్‌ను కట్టిందే అణుబాంబును అమెరికా దాకా మోసుకెళ్లడానికి. 1957 ఆగస్టు 21న అది మొదటిసారి సరిగ్గా ఎగిరింది. ఆరు వారాలు తిరిగేసరికి అక్టోబర్ 4న అదే రాకెట్ 83.6 కిలోల స్పుత్నిక్‌ను పైన పెట్టింది. మిలిటరీ రాకెట్, మిలిటరీ ప్రయోగకేంద్రం, మిలిటరీ ఫ్యాక్టరీలు. ఆ ఫ్యాక్టరీలకు పేర్లుండేవి కావు, పోస్టుబాక్స్ నంబర్లుండేవి. మీ అబ్బాయి ఏం చేస్తున్నాడని అడిగితే పోస్టుబాక్స్‌లో పనిచేస్తున్నాడని చెప్పేవారు, అడిగినవాళ్లు ఇక ఆరా తీసేవారు కాదు. 1965లో రాకెట్ల కోసమే పెట్టిన మంత్రిత్వ శాఖకు సాధారణ యంత్ర నిర్మాణ శాఖ అని పేరు పెట్టారు. వింటే మిక్సీలూ, కుట్టుమిషన్లూ చేస్తారేమో అనిపిస్తుంది.

శత్రు గూఢచారుల నుంచి శాస్త్రవేత్తల్ని కాపాడుకోవడానికే పేర్లు చెప్పడం లేదని సర్కారు వాదన. అందులో కొంత నిజం ఉండొచ్చు. కానీ పేరు చెప్పకపోతే లోకం ఊరుకోదుగా, తనే ఒకరిని వెతుక్కుంటుంది. పాశ్చాత్య పత్రికలకు అలా దొరికినవాడు లియొనిద్ సెదోవ్. ద్రవాల కదలిక, పేలుళ్ల గణితంలో ఆయన నిజంగానే గొప్పవాడు. విదేశీ సభలకు వెళ్లే అనుమతి ఉండేది, మాట్లాడేవాడు. ఇంకేం, స్పుత్నిక్ పితామహుడని రాసేశారు. పాపం, ఆ రాకెట్ ఆయన కట్టింది కాదు. అలా బయట సెదోవ్, లోపల సెర్గేయెవ్, రేడియోలో ‘చీఫ్ డిజైనర్’ అని పేరులేని హోదా, ముగ్గురు చెలామణిలో ఉన్నారు. కొరొల్యోవ్ మాత్రం లేడు.

ఊరి విషయంలో జరిగింది ఇంకా విడ్డూరం. ప్రయోగకేంద్రం కజకిస్తాన్ గడ్డి మైదానంలో త్యురతామ్ అనే రైల్వే స్టేషన్ పక్కన ఉంది. 1961లో అంతర్జాతీయ వైమానిక సమాఖ్య దగ్గర గగారిన్ ప్రపంచ రికార్డు నమోదుకు బయల్దేరిన చోటు పేరు రాయాల్సి వచ్చింది. ‘బైకొనూర్’ అని రాసిచ్చారు. ఆ పేరుతో నిజంగానే ఒక గనుల ఊరుంది, కానీ 300 కిలోమీటర్లకు పైగా దూరంలో. నెల్లూరు అని చెప్పి విజయవాడ చూపించినట్టు. తమాషా ఏమిటంటే అమెరికా గూఢచారి విమానం యూ-2 1957 ఆగస్టులోనే త్యురతామ్‌ను పైనుంచి ఫొటోలు తీసుకుపోయింది. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టుంది వ్యవహారం. దాచింది అమెరికా నుంచి కాదు, సొంత జనం నుంచి.

ఆ రికార్డు కాగితాల్లోనే ఇంకో దాపరికం. నిబంధనల ప్రకారం మనిషి తన వాహనంలోనే కిందికి దిగాలి. 1961 ఏప్రిల్ 12న 108 నిమిషాల ప్రయాణం చివర, దాదాపు 7 కిలోమీటర్ల ఎత్తున గగారిన్ కుర్చీతో సహా బయటికొచ్చి, సరతోవ్ ప్రాంతంలో విడిగా పారాచ్యూట్‌తో దిగాడు. డిజైనే అలాంటిది, అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. అయినా ఏళ్ల తరబడి ఒప్పుకోలేదు. అంతకుముందు మార్చిలో ఇవాన్ ఇవానొవిచ్ అనే బొమ్మను రెండుసార్లు పంపారు. రేడియో పరీక్షకు గొంతు కావాలి. మనిషి మాట వినిపిస్తే పాశ్చాత్యులు గూఢచారి అనుకుంటారు. అందుకని బృందగానం టేపు పెట్టారు. క్యాప్సూల్లో అంతమంది పాడటం కుదరదు కదా! సూప్ చేసే విధానం కూడా వినిపించారు. కిందపడ్డాక పల్లెటూరివాళ్లు శవమనుకుని జడవకుండా హెల్మెట్ అద్దం లోపల ‘నమూనా’ అని రాసిపెట్టారు. ఇదే కథలో రాస్తే అతిగా ఉందంటారు.

నవ్వుకునే భాగం అక్కడితో సరి. 1960 అక్టోబర్ 24న త్యురతామ్‌లో ఆర్-16 క్షిపణి ఇంకా నిలబడి ఉండగానే రెండో అంచె ఇంజిన్ అంటుకుంది. చుట్టూ మనుషులు పని చేస్తున్నారు. పని తొందరగా కానివ్వాలని సోవియట్ రాకెట్ దళాల అధిపతి మార్షల్ మిత్రొఫాన్ నెదెలిన్ కుర్చీ వేయించుకుని దగ్గరే కూర్చున్నాడు. 70 మందికి పైగా కాలిపోయారు. క్షిపణి డిజైనర్ యంగేల్ సిగరెట్ కోసం బంకర్లోకి వెళ్లడంతో బతికాడు. మార్షల్ విమాన ప్రమాదంలో పోయాడని ప్రకటించారు. మిగతావాళ్ల గురించి ఆ మాట కూడా లేదు. జనానికి అసలు సంగతి తెలిసింది 1989లో.

1961 మార్చి 23న మాస్కోలో వ్యోమగామి బృందంలో చిన్నవాడు వలెంతిన్ బొందరెంకో ఒంటరి గది పరీక్షలో ఉన్నాడు. ఆక్సిజన్ ఎక్కువగా నింపిన గది. ఒంటికి అంటించిన సెన్సార్ల జిగురును స్పిరిట్ దూదితో తుడుచుకుని, దూది పక్కకు విసిరాడు. అది వంట వేడిచేసుకునే ప్లేటు మీద పడింది. లోపలి, బయటి పీడనాలు సమానమైతేగానీ తలుపు తెరుచుకోదు. ఆస్పత్రిలో చనిపోయాడు, 24 ఏళ్లు. గగారిన్ ఎగరడానికి అప్పటికి మూడు వారాలు కూడా లేదు. ఈ వార్త 1986లో ఇజ్వెస్తియా పత్రికలో జర్నలిస్టు యరస్లావ్ గొలొవానోవ్ రాసేదాకా బయటికి రాలేదు. 1967 జనవరిలో అపోలో-1 క్యాప్సూల్లో, అదీ ఆక్సిజన్ నింపిన చోటే, ముగ్గురు అమెరికన్లు కాలిపోయారు. మాస్కో సంగతి ముందే తెలిసుంటే అది జరిగేది కాదా అని తర్వాత చాలామంది అడిగారు. ఆక్సిజన్‌లో నిప్పు ఎంత ప్రమాదమో అమెరికన్లకు తెలియనిది కాదు గనక కచ్చితంగా ఆగేదని చెప్పలేం. కానీ ఒక కుర్రాడి చావు వార్త పావు శతాబ్దం బీరువాలో ఉండటానికి ఏ దేశ రక్షణా కారణం కాదు.

చనిపోకపోయినా చెరిపేశారు. మొదటి బృందంలో గగారిన్, తితోవ్‌ల తర్వాత లెక్కలోకొచ్చిన గ్రిగొరి నెల్యూబోవ్‌ను 1963లో సైనిక గస్తీవాళ్లతో గొడవ తర్వాత తీసేశారు. 1961లో సోచిలో తీసిన గ్రూపు ఫొటోలోంచి కూడా తీసేశారు, ఆయన నిలబడ్డ చోట వెనకాల దృశ్యం గీసేశారు. అదే ఫొటో రెండు రకాలుగా అచ్చయింది. జేమ్స్ ఒబెర్గ్ అనే అమెరికన్ పరిశోధకుడు రెండూ పక్కపక్కన పెట్టి చూసి పట్టేశాడు. మరి ఇటలీలో టూరిన్ దగ్గర యుదికా-కొర్దిల్యా అన్నదమ్ములు చనిపోతున్న వ్యోమగాముల గొంతులు రేడియోలో విన్నామంటే జనం ఎందుకు నమ్మరు? సోవియట్ ఆర్కైవ్స్ తెరిచాక ఆ గొంతులకు ఆధారం ఒక్కటీ దొరకలేదు. చెరిపిన మొహాలు మాత్రం నిజం.

రహస్యం ఎంత గట్టిదో చెప్పడానికి నాకు ఇష్టమైన ఉదాహరణ ఇంగ్లండ్‌లోని కెటరింగ్ గ్రామర్ స్కూలు. అక్కడ ఫిజిక్స్ మాస్టారు జెఫ్రీ పెర్రీ, ఆయన పిల్లలు రేడియో రిసీవర్‌తో సోవియట్ ఉపగ్రహాల సంకేతాలు పట్టి, కక్ష్యలు లెక్క కట్టేవారు. 1966లో కొస్మోస్-112 దారి గీస్తే అది త్యురతామ్ నుంచి బయల్దేరలేదని తేలింది. ఉత్తరాన ప్లెసెత్స్క్ దగ్గర ఇంకో ప్రయోగకేంద్రం ఉందని అలా లోకానికి తెలిసింది. సోవియట్లు దాన్ని ఒప్పుకున్నది 1983లో. మన ఆర్యభట 1975లో ఎగిరింది కాపుస్తిన్ యార్ నుంచి. అంతకు దాదాపు మూడు దశాబ్దాల ముందు స్టాలిన్ హయాంలో రహస్యంగా కట్టిన రాకెట్ కేంద్రమే అది.

1966 జనవరి 14న, 59వ పుట్టినరోజు అయిన రెండు రోజులకు, కొరొల్యోవ్ ఆపరేషన్ బల్ల మీద పోయాడు. కత్తి పట్టింది ఆరోగ్యమంత్రి బొరీస్ పెత్రోవ్‌స్కీ స్వయంగా. చిన్న ఆపరేషన్ అనుకున్నారు, లోపల పెద్ద కణితి దొరికింది. శ్వాస గొట్టం వేయడానికి నోరు పూర్తిగా తెరుచుకోలేదని, కొలిమా కాలపు దవడే దానికి కారణమని చాలామంది రాశారు. 16న ప్రావ్దాలో పతకాలు పెట్టుకున్న ఫొటో, పేరు, చేసిన పనులు అచ్చయ్యాయి. స్పుత్నిక్ ఎవరిదో మామూలు సోవియట్ పౌరుడికి ఆ రోజు తెలిసింది. సెర్గేయెవ్ వ్యాసాలు కూడా దాంతో ఆగిపోయాయి.

ఆయన మొదలుపెట్టిన చంద్రుడి రాకెట్ ఎన్-1 నాలుగుసార్లు, 1969 నుంచి 1972 దాకా, పేలింది. 1974లో మూలపడేశారు. అసలు మేం చంద్రుడి పందెంలోనే లేమని 1989 దాకా చెబుతూ వచ్చారు. ఆ రాకెట్ ముక్కలు ప్రయోగకేంద్రంలో షెడ్ల పైకప్పులుగా మిగిలాయి.

మన దగ్గర విశాలాంధ్ర షాపుల్లో చవగ్గా దొరికిన సోవియట్ పుస్తకాల్లో గగారిన్ నవ్వు చూసి పెరిగిన తరానికి ఇవన్నీ తర్వాతెప్పుడో విడతలుగా తెలిశాయి. పేర్లు కూడా ఆలస్యంగానే సర్దుకున్నాయి. మాస్కో పక్కన కొరొల్యోవ్ పనిచేసిన పోస్టుబాక్స్ ఊరికి 1996లో ఆయన పేరే పెట్టారు. అంతకు ఏడాది ముందు, త్యురతామ్ పక్కన ప్రయోగకేంద్రం ఉద్యోగుల కోసం కట్టిన లెనిన్స్క్ పట్నానికి బైకొనూర్ అని అధికారికంగా పేరు మార్చారు. 1961లో రాసిచ్చిన దొంగ అడ్రసు ఇప్పుడు మ్యాపులో అసలుదే. గనుల ఊరు బైకొనూర్ మాత్రం ఇప్పటికీ తన చోటే ఉంది, 300 కిలోమీటర్ల అవతల.