మోకాలికి చల్లదనం ఎంత లోతుకు దిగుతుంది?

అనంతపురంలో సాయంత్రం పూట మెడికల్ షాపు దగ్గర కాసేపు నిలబడితే ఈ మాట వినిపిస్తుంది: "అన్నా, కాలు బెణికింది, ఏదన్నా స్ప్రే ఇవ్వు." షాపతను స్ప్రే ఇస్తాడు, లేదంటే మెంథాల్ ట్యూబు ఇస్తాడు. ఇంకొంచెం డబ్బు పెట్టగలిగినవాళ్లకు నీలం రంగు జెల్ ప్యాక్ ఇస్తాడు. నాలుగడుగుల దూరంలో ఐస్ గోలా బండి ఉంటుంది. కీలును నిజంగా చల్లబరిచే సరుకు ఆ బండి మీద ఉంది. ఎందుకో తెలియాలంటే ముందు కీలు లోపలి వేడి గురించి మాట్లాడుకోవాలి.

ఒంటి వేడి 37 డిగ్రీలని అందరికీ తెలుసు. మోకాలి లోపల అంత ఉండదు. బాగున్న మోకాలిలో సుమారు 32, 33 డిగ్రీలు ఉంటుంది. కీళ్లవాతంతో వాచినప్పుడు అది 35, 36 దాకా ఎక్కుతుంది. మూడు డిగ్రీలే కదా అనిపిస్తుంది. కానీ 1974లో వచ్చిన ఒక పరిశోధన చూడండి. రుమటాయిడ్ కీళ్లవాతం ఉన్నవారి కీలు పొర నుంచి కొలాజినేజ్ అనే ఎంజైమును తీసి, ఎముకల కొసలకు మెత్తలా ఉండే మృదులాస్థిలోని కొలాజెన్ అనే ప్రొటీన్ మీద ప్రయోగించారు. 33 డిగ్రీల దగ్గర కంటే 36 దగ్గర అది దాదాపు నాలుగు రెట్లు వేగంగా కొలాజెన్‌ను కరిగించింది. ప్రయోగశాలలో చూసిన విషయమే అయినా, వాచిన కీలులో రెండు మూడు డిగ్రీలు తగ్గించడాన్ని తేలిగ్గా తీసుకోకూడదని ఇది చెబుతోంది. కాబట్టి ఏ పద్ధతినైనా ఒకటే అడగాలి: అది లోపలి నుంచి ఎంత వేడిని లాగుతుంది?

నిజంగా చల్లబరిచే స్ప్రేలలో ఒకటి ఈథైల్ క్లోరైడ్. అది 12 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. చర్మం మీద పడగానే ఆవిరవుతూ, అందుకు కావాల్సిన వేడిని చర్మం నుంచే తీసుకుంటుంది. కొన్ని సెకన్లలో ఆ చోటు మొద్దుబారుతుంది, ఆటగాడు లేచి మళ్లీ పరుగు తీస్తాడు. నాకు భయం అక్కడే. ఆ చలి చర్మం దాటి పోలేదు. లోపల ఎముకల్ని కలిపి ఉంచే లిగమెంటు తెగి ఉంటే తెగినట్టే ఉంది, ఆగమని చెప్పే నొప్పి మాత్రం కాసేపు మాయమైంది. ఆర్డీటీ అనే సేవాసంస్థ స్పోర్ట్స్ విలేజ్ లాంటి మైదానాలున్న ఊరు మనది. పిల్లల్ని హాకీకో ఫుట్‌బాల్‌కో పంపే తల్లిదండ్రులు ఈ ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి.

మెంథాల్ సంగతి ఇంకా ఆసక్తికరం. మన నరాల చివర్లలో చలిని పసిగట్టే టీఆర్‌పీఎం8 అనే ప్రొటీన్ ఉంది. మెంథాల్ దాన్నే తట్టి లేపుతుంది. మెదడుకు చల్లగా ఉందనే కబురు వెళ్తుంది, కీలు వేడి మాత్రం తగ్గదు. ఈ ప్రొటీన్‌ను 2002లో విడివిడిగా గుర్తించిన డేవిడ్ జూలియస్, ఆర్డెమ్ పటాపూటియన్‌లకు 2021లో నోబెల్ బహుమతి వచ్చింది. నొప్పి మరిపించడానికి మెంథాల్ పనికొస్తుంది, అంతవరకే.

ఇక ఐస్. దాని బలమంతా కరగడంలో ఉంది. గ్రాము ఐస్ కరగడానికి 80 క్యాలరీల వేడి కావాలి. గ్రాము నీళ్లు ఒక డిగ్రీ వేడెక్కడానికి ఒక్క క్యాలరీ చాలు. (తిండి లెక్కల్లో చెప్పే క్యాలరీ దీనికి వెయ్యి రెట్లు పెద్దది, అది వేరు.) పావుకిలో ఐస్ పూర్తిగా కరిగేలోపు 20,000 క్యాలరీలు లాగుతుంది. అదే పావుకిలో చన్నీళ్లు సున్నా నుంచి 15 డిగ్రీలకు వచ్చేసరికి లాగేది 3,750. పైగా కరుగుతున్నంతసేపూ ఐస్ సున్నా డిగ్రీల దగ్గరే నిలబడుతుంది, అంతకంటే కిందికి పోదు.

జెల్ ప్యాక్‌లో జరిగేది వేరు. ఫ్రీజర్‌లో పెట్టినా మెత్తగానే ఉండే రకమైతే, అది గడ్డకట్టదు కాబట్టి కరిగేదీ ఏమీ ఉండదు. మైనస్ 18 దగ్గర మొదలై గబగబా వేడెక్కిపోతుంది. అంటే మొదటి నిమిషాల్లో చర్మాన్ని కాల్చేంత చలి, తర్వాత చప్పబడిపోవడం. దాన్ని నేరుగా ఒంటికి ఆనించకూడదు, మధ్యలో గుడ్డ ఉండాల్సిందే.

నన్నడిగితే పద్ధతి ఇది. ఐస్‌ను గోలాకి కొట్టినట్టు సన్నగా కొట్టి కవరులో వేసి, అర గ్లాసు నీళ్లు పోయాలి. గాలంతా నొక్కి బయటికి పంపి మూతి కట్టాలి. తడిపి పిండిన పలుచటి తువ్వాలు మోకాలికి చుట్టి, దాని మీద కవరును పరిచినట్టు పెట్టాలి. ఆ నీళ్లు ఎందుకంటే, ఐస్ ముక్కల మధ్య గాలి ఉంటే వేడి సరిగా దాటదు. నీళ్లు ఆ సందులన్నీ నింపి మోకాలి వంపులకు అతుక్కుంటాయి. నీళ్లు కలిపిన ఐస్, ఉత్త ఐస్ ముక్కల కంటే బాగా చల్లబరుస్తుందని పరీక్షల్లో కూడా తేలింది. ముందు చల్లగా, తర్వాత మంటగా, ఆపైన సలుపుగా ఉండి చివరికి మొద్దుబారుతుంది. పదిహేను, ఇరవై నిమిషాలు చాలు. తీసేశాక కూడా లోపలి భాగాలు కాసేపు చల్లబడుతూనే ఉంటాయి.

ఎంతసేపన్నది కొవ్వును బట్టి కూడా మారుతుంది. తొడ మీద చేసిన ఒక పరిశోధనలో, వేళ్లతో పట్టి కొలిచిన చర్మం, దాని కింది కొవ్వు కలిసిన మడత సెంటీమీటరులోపు ఉన్నవారి కండరం ఏడు డిగ్రీలు తగ్గడానికి 8 నిమిషాలు పట్టింది. మడత మూడు, నాలుగు సెంటీమీటర్లున్న వారికి దాదాపు గంట పట్టింది. మోకాలి ముందువైపు, చీలమండ దగ్గర కొవ్వు తక్కువ కాబట్టి ఐస్ అక్కడ బాగా పనిచేస్తుంది.

ఐస్ లేని ఊళ్లో తడిగుడ్డ సంగతేమిటి? ఇక్కడ మన ఎండ కొంత సాయం చేస్తుంది. మే నెలలో 40 డిగ్రీల వేడి, గాలిలో తేమ 20 శాతం ఉంటే, గాలి తగిలే చోట తడిగుడ్డ దాదాపు 22 డిగ్రీల దాకా చల్లబడగలదు. కోస్తాలో ఆ తేమకు ఇంత చల్లదనం రాదు. ఇది కీలు లోతుకు పోకపోయినా, శనక్కాయలు పీకి మోకాళ్లు సలుపుతున్న అమ్మకు హాయినిస్తుంది. మోకాలు మార్పిడి ఆపరేషన్ తర్వాత చల్లటి నీళ్లు తిప్పే మెషీన్లు కొందరు వాడతారు. మామూలు ఐస్ ప్యాక్ కంటే అవి స్పష్టంగా మేలని రుజువు కాలేదు. డబ్బు తక్కువున్నవాళ్లు వాటి కోసం అప్పు చేయక్కర్లేదు.

ఐస్ నొప్పిని తగ్గిస్తుంది, గాయాన్ని మాన్పదు. దెబ్బకు విశ్రాంతి, ఐస్, కట్టు, కాలు ఎత్తి పెట్టడం అనే సూత్రాన్ని 1978లో ప్రచారంలోకి తెచ్చిన అమెరికా వైద్యుడు గేబ్ మిర్కినే, ఐస్ వల్ల మానడం ఆలస్యం కావచ్చని 2014 నాటికి రాశారు. వాపు కూడా మరమ్మతులో భాగమే. అందుకే మొదటి ఒకటి రెండు రోజులు, నొప్పి ఉన్నప్పుడు మాత్రమే వాడటం మంచిది.

కొన్ని చోట్ల జాగ్రత్త తప్పదు. మోకాలి బయటివైపు, కొంచెం కింద, చర్మానికి దగ్గరగా ఒక నరం పోతుంది. అక్కడ ఐస్‌ను గట్టిగా కట్టి నిద్రపోతే పాదం పైకి లేవకుండా పోయిన సందర్భాలున్నాయి. షుగర్‌తో పాదాల్లో స్పర్శ తగ్గినవారు డాక్టర్‌ని అడగకుండా ఐస్ పెట్టకూడదు. కుల్ఫీ వాళ్లలా ఐస్‌లో ఉప్పు కలిపితే అది మైనస్ 20 దాకా దిగి చర్మాన్ని చంపేస్తుంది. జ్వరంతో పాటు ఒక కీలు ఎర్రగా, వేడిగా ఉబ్బి కదపలేకుండా ఉంటే లోపల చీము పట్టి ఉండవచ్చు. అప్పుడు ఐస్ కోసం వెతకకుండా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.