ఊబర్: 'పైన' అనే మాట 'మహా'గా మారిన వైనం

ఇంగ్లిష్‌లో ఒక విశేషణానికి ముందు 'ఊబర్' చేరిస్తే 'మహా', 'అత్యంత' అన్న అర్థం వస్తుంది. జర్మన్ నుంచి వచ్చిన ఈ మాటకు పుట్టింట్లో ఉన్న అర్థాలు 'పైన', 'మీదుగా', 'గురించి'. బల్లకు పైన దీపం వేలాడుతోందన్నా, వంతెన మీదుగా నడిచామన్నా, ఒక పుస్తకం గురించి మాట్లాడామన్నా జర్మన్లు వాడేది దీన్నే. సంస్కృత 'ఉపరి', లాటిన్ 'సూపర్', గ్రీకు 'హైపర్', ఇంగ్లిష్ 'ఓవర్' దీనికి తోబుట్టువులు కనుక, మనం 'ఉపరితలం' అన్నప్పుడు పలికేది కూడా ఆ కుటుంబపు మాటే.

జర్మన్‌లో ఇది ఉపసర్గగా చేరినప్పుడు రెండు వైపులా మొగ్గుతుంది. 'ఊబర్‌గ్లూక్లిష్' అంటే పట్టరాని సంతోషంలో ఉన్న మనిషి. 'ఊబర్‌టాయర్ట్' అంటే తగిన ధరను మించిపోయిన సరుకు. మన 'అతి'ది కూడా ఇదే స్వభావం: 'అతిమధురం'లో మెప్పు ఉంది, 'అతితెలివి'లో ఆక్షేపణ ఉంది. ఇంగ్లిష్ ఎక్కువగా మెప్పు వైపునే తీసుకున్నది, అందుకే అరువు మాటలో మూలపు బరువు సగమే కనిపిస్తుంది.

ఆ అరువుకు దారి వేసినది తత్త్వశాస్త్రం. 1883–85 మధ్య వెలువడిన తన జరతుష్ట్ర గ్రంథంలో జర్మన్ తత్త్వవేత్త నీచ్చ 'ఊబర్‌మెన్ష్' భావనను ముందుకు తెచ్చాడు. ఉన్న విలువలను దాటి తన విలువలను తానే నిర్మించుకునే మనిషి అని దాని భావం; తెలుగులో 'అతిమానవుడు' అన్న అనువాదం దీనికి చక్కగా అమరింది. బెర్నార్డ్ షా 1903లో ప్రచురించిన నాటకంతో 'సూపర్‌మ్యాన్' అన్న రూపం ఇంగ్లిష్‌లో ప్రచారం పొందింది. తరువాత నాజీలు ఈ భావనను జాతి ఆధిక్యానికి వక్రీకరించి, యూదులను, స్లావులను, రోమా ప్రజలను 'ఉంటర్‌మెన్ష్', అంటే అధమ మానవులు, అని ముద్ర వేశారు.

జర్మనీ జాతీయగీతానికీ ఇంచుమించు ఇదే గతి పట్టింది. 'డాయిచ్‌లాండ్ ఊబర్ ఆలెస్' అన్న పంక్తిని హాఫ్‌మన్ ఫాన్ ఫాలర్స్‌లేబెన్ 1841లో రాసినప్పుడు జర్మన్ ప్రాంతం 30కి పైగా రాజ్యాలుగా చీలి ఉంది. అన్ని రాజ్యాలకన్నా ఐక్య జర్మనీయే మిన్న అన్నది కవి ఆశ, ఇతర దేశాలను ఏలాలన్న కోరిక కాదు. 1922లో జాతీయగీతమైన ఆ పాటను నాజీలు వాడుకున్న తీరు వల్ల ఆ పంక్తి ప్రపంచానికి ఆక్రమణ నినాదంగా వినిపించింది. 1952 నుంచి పశ్చిమ జర్మనీ అధికారిక వేడుకల్లో మూడో చరణమే పాడుతూ వచ్చింది. ఈ మచ్చను గుర్తుంచుకోకుండా ఆ మాటను అర్థం చేసుకోలేమని నా అభిప్రాయం.

ఇరవయ్యో శతాబ్దం చివరికి ఇంగ్లిష్ యువతరం వాడుకలో ఆ మచ్చ పలచబడింది, జర్మన్ రాతలో మొదటి అచ్చు (ü)పై ఉండే రెండు చుక్కలు కూడా రాలిపోయాయి. 2009లో శాన్‌ఫ్రాన్సిస్కోలో 'ఊబర్‌క్యాబ్' పేరుతో మొదలైన సంస్థ, మరుసటి ఏడాది నగర అధికారుల అభ్యంతరంతో 'క్యాబ్'ను వదిలేసింది. 2013లో అది భారతదేశానికి వచ్చాక, మనకు ఈ మాట విశేషణాలకు బలమిచ్చేదిగా కాక, ఎక్కి వెళ్లే కారుకు పేరుగానే అలవాటైంది. మెచ్చుకోవలసి వస్తే తెలుగువారు 'సూపర్' అంటారు. జర్మన్లు కూడా రోజువారీ మాటల్లో ఎక్కువగా అనేది అదే.