ఆటలో మళ్లీ పుడితే: నవ్వించే ఇసెకై యానిమేల మీద అపోహలు - వాస్తవాలు

యానిమేలకు, అంటే జపాన్ యానిమేషన్ సిరీస్‌లకు, తెలుగు డబ్బింగ్ మాటలు రాయడం నా పని. కొంతకాలంగా నా టేబుల్ మీదికి వచ్చేవాటిలో ఒకే బాపతు కథలు ఎక్కువయ్యాయి. జపాన్‌లో ఎవరో పోతారు. కళ్లు తెరిచేసరికి వీడియో గేమ్ లాంటి లోకం, కొత్త ఒళ్లు, కొత్త పేరు, గాల్లో తేలుతూ అంకెలు. వీటిని ఇసెకై అంటారు. అందులోనూ సరదాగా సాగే రకమంటే నాకు ఇష్టం. నేను ఏయే సిరీస్‌లకు రాశానో ఒప్పందాల వల్ల చెప్పకూడదు. అందుకని ఇక్కడ అందరికీ తెలిసిన వాటినే పట్టుకుని మాట్లాడతాను.

ఈ తరహా మీద పదే పదే వినపడే మాటలు కొన్ని ఉన్నాయి. చూడనివాళ్లు ఏదో అన్నారంటే సరే అనుకోవచ్చు. బాగా చూసేవాళ్లు అనేవే నాకు ఎక్కువ చిరాకు.

అపోహ: ఇదంతా సోర్డ్ ఆర్ట్ ఆన్‌లైన్‌తో మొదలైంది

2012లో వచ్చిన ఆ యానిమే గేమ్ లోకాల కథల్ని ప్రపంచమంతా మోసుకెళ్లిందన్నది నిజమే. కానీ 1983లోనే ఆరా బ్యాట్లర్ డన్‌బైన్‌లో టోక్యో బైక్ రేసర్ ఒకడు వేరే లోకంలో పోయి పడ్డాడు. 1990ల్లో మ్యాజిక్ నైట్ రేయర్త్‌లో బడి తరఫున టోక్యో టవర్ చూడ్డానికి వచ్చిన ముగ్గురు అమ్మాయిల పరిస్థితీ అదే. ఇంకా వెనక్కి పోతే తాబేలు వెంట సముద్రం అడుగున రాజభవనానికి వెళ్లొచ్చిన ఉరాషిమా తారో కథ జపాన్ పిల్లలందరికీ తెలుసు.

అసలు మార్పు ఇంకోచోట జరిగింది. పాత కథల్లో వెళ్లినవాళ్లకు ఇంటి బెంగ ఉండేది. ఎలాగైనా తిరిగి రావాలి, కథ నడిచేదే దాని మీద. సోర్డ్ ఆర్ట్ ఆన్‌లైన్‌ కూడా ఆ లెక్కన పాతకాలం కథే. అందులో ఎవరూ మళ్లీ పుట్టరు, ఆటలో ఇరుక్కుంటారు, బయటపడాలని చూస్తారు. ఆటలో చస్తే నిజంగానే చస్తారు. ఇప్పటి కథల్లో హీరో ముందే చచ్చిపోయి ఉంటాడు. తిరిగి వెళ్లే దారే లేదు కాబట్టి ఆ టెన్షనూ లేదు. ఇక మిగిలింది ఈ కొత్త ఊళ్లో అద్దె ఎలా కట్టాలి, రాత్రికి ఏం తినాలి అన్నదే. ఈ కథల్లో నవ్వుకు చోటు దొరికింది అక్కడే.

అపోహ: అందరినీ ట్రక్కే గుద్దుతుంది

హీరో చావు ట్రక్కు కిందే అన్నది అభిమానులు పెంచి పోషించిన జోకు. ట్రక్కులు ఉన్నాయి, కాదనను. కానీ ఆ జోకు మీద ఇంకో జోకు వేసిన కోనోసూబా అనే సిరీసే జనానికి ఎక్కువ గుర్తుంది. అందులో హీరో కజుమా ఒక అమ్మాయిని ట్రక్కు కింద పడకుండా తోసేశానని గర్వంగా పోతాడు. పైలోకంలో దేవత పొట్ట పట్టుకుని నవ్వుతూ అసలు సంగతి చెబుతుంది. వచ్చింది నెమ్మదిగా నడిచే ట్రాక్టరు, అది అతన్ని తాకనే లేదు, గుద్దేసిందన్న భయానికే ప్రాణం పోయింది. ఆ కసితోనే, కొత్త లోకానికి ఏదైనా ఒకటి తీసుకెళ్లొచ్చంటే, వాడు ఆ దేవతనే తీసుకుపోతానంటాడు.

అపోహ: గేమ్ లోకం అంటే రచయిత బద్ధకం

ఈ మాట అనేవాళ్లకు నేను చెప్పేది ఒకటే: నవ్వించాలంటే ముందు రూలు ఉండాలి. రూలు తెలియని చోట అది తప్పినా ఎవరికీ నవ్వు రాదు.

జపాన్ ప్రేక్షకులకు ఈ రూల్స్ ఎప్పుడో ఒంటబట్టాయి. 1986లో డ్రాగన్ క్వెస్ట్ అనే వీడియో గేమ్ వచ్చింది. పెద్ద శత్రువుతో తలపడే ముందు లెవెల్ పెంచుకోవడం, నల్లటి డబ్బాలో తెల్ల అక్షరాలు, మొదటి మైదానంలోనే ఎదురయ్యే నీలం రంగు స్లైమ్ అనే జిగురు ముద్ద లాంటి జీవి, ఇవన్నీ ఒక తరం మొత్తానికి బాల్యం. స్లైమ్ అంటే అన్నిటికన్నా బలహీనమైనదని అక్కడ అందరికీ తెలుసు. కాబట్టే స్లైమ్‌గా పుట్టినవాడు రాజైపోతే తమాషాగా ఉంటుంది. పేకాట తెలిసినవాళ్ల మధ్య కూర్చుని జోకర్ అంటే ఏమిటో ఎవరూ వివరించరు కదా. ఇదీ అంతే. అరగంట వివరణ మిగులుతుంది, ఆ అరగంట కామెడీకి పోతుంది.

ఇందులో నాకు అన్నిటికన్నా ముచ్చటగా అనిపించేది మై నెక్స్ట్ లైఫ్ యాజ్ ఎ విలనెస్. 2020 ఏప్రిల్‌లో మొదలైంది, సిల్వర్ లింక్ స్టూడియో, పన్నెండు ఎపిసోడ్లు. కతరీనా క్లేస్ జమీందారీ ఇంటి పొగరుబోతు పిల్ల. ఎనిమిదేళ్ల వయసులో కింద పడి తలకు దెబ్బ తగిలితే పోయిన జన్మ గుర్తొస్తుంది. తాను జపాన్‌లో హైస్కూల్ పిల్ల. రాత్రంతా ఆడిన ప్రేమ గేమ్‌లో విలన్ పాత్రగా ఇప్పుడు పుట్టింది. ఆ గేమ్‌లో ఈ పాత్రకు రాసిపెట్టి ఉన్నది రెండే: అయితే దేశ బహిష్కారం, లేదంటే చావు.

ఇక ఆ పిల్ల ఏర్పాట్లు చూడండి. రాకుమారుడు కత్తి దూస్తాడేమోనని కత్తిసాము నేర్చుకుంటుంది. అతనికి పాములంటే పడదని తెలిసి, సమయానికి విసరడానికి బొమ్మ పాములు చేసి పెట్టుకుంటుంది. తనకున్నది మట్టి మంత్రం కాబట్టి మట్టితో మాట్లాడితే శక్తి పెరుగుతుందంటే, అదేదో వ్యవసాయం అనుకుని దొడ్లో కూరగాయలు వేస్తుంది. పోనీలే, దేశం వెళ్లగొడితే సేద్యం చేసుకు బతకొచ్చు కదా అని దానికి మళ్లీ ఒక లెక్క. ఇంత చేసీ ఆ మంత్రంతో నేల మీద చిన్న మట్టి గుట్ట మాత్రమే లేస్తుంది.

ఆమెకు గేమ్ మొత్తం తెలుసు, అదే ఆమె కళ్లకు గంతలు కట్టేస్తుంది. గేమ్‌లో ఒంటరిగా పెరిగి చెడిపోవాల్సిన పెంపుడు తమ్ముడిని అక్క ముద్దు చేసి పెంచేసరికి వాడు మంచివాడవుతాడు. ఆమెను అసహ్యించుకోవాల్సిన వాళ్లంతా, గేమ్‌లోని అసలు హీరోయిన్‌తో సహా, ఆమె మీద మనసు పారేసుకుంటారు. ఇదంతా మనకు కనిపిస్తూనే ఉంటుంది. ఆమె మాత్రం ఎప్పుడో చెల్లిపోయిన కథనే పట్టుకుని "నన్ను చంపుతారు" అని వణుకుతుంటుంది. గేమ్ అనే చట్రం తీసేస్తే ఈ కథలో ఒక్క సీనూ నిలబడదు. దీన్ని బద్ధకం అంటే నేను ఒప్పుకోను.

అపోహ: ఆ ప్రేమ గేమ్స్‌లో నిజంగా ఇలాంటి విలన్ అమ్మాయి ఉంటుంది

ఇది నమ్మి గేమ్ కొని, విలన్ అమ్మాయి ఎక్కడా కనిపించక నిరాశపడినవాళ్లు ఉన్నారు. అమ్మాయిల కోసం తయారైన ఈ ప్రేమ గేమ్స్‌కు మొదటిది 1994లో కోయే కంపెనీ తెచ్చిన ఆంజెలీక్. అందులో రొసాలియా అని జుట్టు రింగులు తిప్పుకున్న దర్జా పిల్ల ఒకతె ఉంది, పోటీకి వస్తుంది. కానీ ఆమె విలన్ కాదు, స్నేహం కూడా చేసుకోవచ్చు. చివర్లో అందరి ముందు నిలబెట్టి నిశ్చితార్థం రద్దు చేసి దేశం వెళ్లగొట్టే అమ్మాయి ఆ గేమ్స్‌లో చాలా అరుదు. ఆ పాత్రను పెంచింది వెబ్ నవలలు రాసేవాళ్లు. షోసెత్సుకా ని నరో అని 2004లో మొదలైన ఒక సైట్ ఉంది, ఎవరైనా కథ రాసి పెట్టొచ్చు. ఒకరు విలన్ పిల్ల కథ రాస్తే ఇంకొకరు దాన్ని తిరగేసి రాశారు, అలా లేని గేమ్ అలవాటు ఒకటి పుట్టుకొచ్చింది. కతరీనా కథా అక్కడిదే. తమాషా ఏమిటంటే, లేని గేమ్ మీద వచ్చిన ఆ కథతో 2021లో నిజంగానే ఒక గేమ్ వచ్చింది.

ఆ సైట్లో ఇసెకై ఎంత పెరిగిందంటే, 2016లో వాటికి వేరే ర్యాంకింగ్ పట్టిక పెట్టాల్సి వచ్చింది. లేకపోతే మిగతా కథలు పైకి కనిపించేవే కావు.

అపోహ: సరదా సిరీస్ కదా, బొమ్మలు ఎలా వేసినా చెల్లుతుంది

2016లో కోనోసూబా మొదటి సీజన్ వచ్చినప్పుడు మొహాలు సాగిపోయాయి, బొమ్మలు పాడుచేశారు అని గోల చేసినవాళ్లున్నారు. అదే సిరీస్‌లో మంత్రగత్తె మెగుమిన్ పేలుడు మంత్రం చదివే సీన్ చూడండి. పొగ, వెలుగు, ఎగిరే మట్టి, ఎక్కడా లోటు చేయలేదు. చేతకాక వదిలేసినవాళ్లు అక్కడ అంత శ్రద్ధ ఎలా పెడతారు? మనిషి మొహం ఎంత వదులుగా ఉంటే ఆ ఏడుపు చూసి అంత నవ్వొస్తుందని తెలిసి చేసిన పని అది. పోరాటంలో ఒక దెబ్బ కాస్త ఆలస్యమైనా చెల్లుతుంది. జోకులో అర సెకను అటూ ఇటూ అయితే ఇక అంతే.

అపోహ: ఇది మన పునర్జన్మే, కొత్తేముంది

బౌద్ధం వెళ్లిన దారిలో ఈ ఆలోచన జపాన్‌కు వెళ్లింది, అంతవరకు చుట్టరికమే. మగధీర, ఈగ చూసిన మనకు మళ్లీ పుట్టడం గురించి ఎవరూ నచ్చజెప్పక్కర్లేదు. అయితే మన సినిమాల్లో పోయిన జన్మ అంటే తీరని బాకీ. ప్రేమో పగో మిగిలిపోయి వెంటాడుతుంది. ఇసెకైలో పాత జన్మ నుంచి వచ్చేది ఎక్కువగా పరిజ్ఞానం: గేమ్ ఎలా ఆడాలో, అన్నం ఎలా వండాలో. పాపపుణ్యాల లెక్క చూసేవాడు ఉండడు. ఉన్నా వాడూ నవ్వులపాలే.

అపోహ: ఇంగ్లిష్ సబ్‌టైటిళ్లు తెలుగు చేస్తే డబ్బింగ్ అయిపోతుంది

ఇక నా వంతు. సబ్‌టైటిల్ చదవడానికి, డబ్బింగ్ పలకడానికి. తేడా అంతా అక్కడే ఉంది.

ముందు సులువైన సంగతి చెబుతాను. టీవీ యానిమేలో మాట్లాడే నోటికి మామూలుగా మూడు బొమ్మలు వేస్తారు: మూసింది, సగం తెరిచింది, పూర్తిగా తెరిచింది. అవే అటూ ఇటూ మారుతుంటాయి. కాబట్టి సినిమా నటుడి పెదాలకు రాసినట్టు ప, బ, మ ఎక్కడ పడుతున్నాయో తెగ చూసుకోనక్కర్లేదు. నోరు ఎప్పుడు తెరుచుకుంది, మధ్యలో ఎక్కడ ఆగింది, ఎప్పుడు మూసుకుంది, ఇవి తప్పకూడదు. మనసులో మాటలైతే ఇంకా హాయి, నోరే కదలదు.

రెండో సులువు మన భాషే ఇచ్చింది. జపనీస్ వాక్యంలోనూ క్రియ చివర్లోనే వస్తుంది. ఈ సిరీస్‌లలో రోజూ ఉండే సీను ఒకటి చెబుతాను. అబ్బాయి గొంతు సవరించుకుని "నేను నిన్ను..." అంటాడు, ఢాం అని తలుపు తెరుచుకుంటుంది, అసలు మాట గొంతులోనే ఉండిపోతుంది. అమ్మాయి మాత్రం "నన్ను చంపుతానంటాడా!" అని బెదిరిపోతుంది. తెలుగులో ఆ వాక్యాన్ని సరిగ్గా అక్కడే కోయొచ్చు, జోకు చెక్కుచెదరదు. ఇంగ్లిష్‌లో క్రియ ముందే బయటపడిపోతుంది, వాళ్లు సీనంతా తిప్పి రాసుకోవాలి. అందుకే ఇంగ్లిష్ స్క్రిప్ట్‌ను మాత్రమే నమ్ముకుని రాసిన తెలుగు మాటల్లో ఇలాంటి చోట జోకు చప్పబడుతుంది. నేను జపనీస్ ఆడియో పెట్టుకుని, వాళ్లు ఎక్కడ ఊపిరి తీస్తున్నారో విని రాస్తాను.

ఇప్పుడు కష్టం. గాల్లో ఒక నీలం డబ్బా తెరుచుకుంటుంది. అందులో లెవెల్, బలం, మంత్రాలు, చివర్లో ఒక వెటకారం లైను. తెర మీద ఉండేది రెండు సెకన్లు. జపనీస్‌లో ఎవరూ దాన్ని చదవరు, ప్రేక్షకుడే చదువుకుంటాడు. తెలుగులో వినేవాడికి అది అర్థం కావాలంటే ఎవరో ఒకరు చెప్పాలి. హీరో నోరు మూసుకునే ఉంటే మనసులో మాటగా పెట్టొచ్చు, కానీ వెనక సంగీతం ఒక్కసారిగా ఆగి నిశ్శబ్దం మీద జోకు పేలాల్సిన చోట ఆ మాట అడ్డం వస్తుంది. అలాంటప్పుడు నాలుగు అంకెలూ వదిలేసి, ఆ వెటకారం లైను ఒక్కటి తర్వాతి డైలాగులో ఇరికిస్తాను. "బలం గురించి చెప్పలేదేం" అని అడిగే అభిమానులు ఉంటారు. ఉండనివ్వండి.

గొంతుల సంగతి ఇంకో తలనొప్పి. కతరీనా తలలో ఐదుగురు కతరీనాలు కూర్చుని సభ పెడతారు. ఒకతె అధ్యక్షురాలు, ఒకతె ఎప్పుడూ భయపడేది, ఒకతెకు అంతా శుభమే. జపనీస్‌లో మాయా ఉచిదా ఒక్కరే ఐదు గొంతులూ పలికారు. ఇలాంటి సీను డబ్ చేయాలంటే, ఐదుగురి వాక్యాలు ఐదు రకాల పొడవుతో, ఐదు రకాల తీరుతో కాగితం మీదే విడిపోవాలి. గొంతు మార్చడం ఆర్టిస్టు చూసుకుంటారు, కానీ అందరి మాటా ఒకేలా రాసి ఇస్తే ఆ మనిషి మాత్రం ఏం చేస్తారు? పైగా ఇక్కడ ఎక్కువగా ఒక్కొక్కరినే బూత్‌లో కూర్చోబెట్టి రికార్డ్ చేస్తాం. ఎదుటివాళ్లు ఎలా అరిచారో వినకుండానే వీళ్లు ఉలిక్కిపడాలి. అందుకే "హాఁ?", "ఎఁ?" లాంటి రియాక్షన్ల పక్కన కూడా ఎవరికి, ఎందుకు అని రాసి పెడతాను.

అపోహ: సోలో లెవెలింగ్ కూడా ఇసెకైయే

కాదు. ఆ సిరీస్‌లో హీరో ఉన్న ఊళ్లోనే ఉంటాడు, గేమ్ డబ్బా అతని దగ్గరికి వస్తుంది. పైగా మూలకథ కొరియన్.

అపోహ: రెండో సీజన్ రాలేదంటే సిరీస్ ఫెయిలైనట్టే

యానిమేకు డబ్బు పెట్టేది ఎక్కువగా ఒక కమిటీ: పుస్తకం అచ్చేసిన సంస్థ, పాటల కంపెనీ, టీవీ చానల్, బొమ్మలు అమ్మేవాళ్లు. చాలాసార్లు స్టూడియో కూలికి పనిచేసేదే, లాభంలో వాటా ఉండదు. ప్రచురణకర్తకు కావాల్సింది నవలలు, మాంగా (బొమ్మల కథల పుస్తకాలు) అమ్ముడుపోవడం. పన్నెండు ఎపిసోడ్లు ఆ పని చేసిపెడితే వాళ్ల లెక్క తీరిపోయినట్టే, కథ నడిమధ్యలో ఆగినా సరే. కొన్నిసార్లు ఏళ్ల తర్వాత వేరే స్టూడియో చేతికి వెళ్తుంది. కోనోసూబా మూడో సీజన్ 2024లో వచ్చింది, మొదటి రెండూ చేసిన స్టూడియో డీన్ కాదు, డ్రైవ్ చేసింది.

మిగతా కథ కావాలంటే నవల చదవండి, అదీ మొదటి సంపుటం నుంచి. యానిమే ఆగిన చోటు వెతుక్కుని మధ్యలోంచి మొదలుపెడితే, పన్నెండు ఎపిసోడ్లలో ఇమడక కోసేసిన జోకులన్నీ పోగొట్టుకుంటారు.